స్టీరింగ్ అక్క చూడని చోటు

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. బండి పక్కకి లాగుతోందన్నా, మలుపులో మూలుగుతోందన్నా, చక్రం తిప్పేసరికి జబ్బలు పడిపోతున్నాయన్నా, పెట్రోలు బంకువాళ్ళ నుంచి పండ్ల కొట్టామె దాకా అందరూ చెప్పే మాట ఒకటే. "స్టీరింగ్ అక్క దగ్గరికి తీసుకెళ్ళండి." ఆమెకి యాభై ఒక్క ఏళ్ళు. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అంటుంటే మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అదే పేరు షెడ్డు బోర్డు మీద రాయించేసింది.

షెడ్డు నాన్నది. లారీలు బాగుచేసేవాడు. పిల్లలిద్దరికీ చెయ్యి తిరిగాక పని పంచేశాడు. బ్రేకులు కొడుక్కి, స్టీరింగు కూతురికి. "వీడు ఆపుతాడు, ఇది తిప్పుతుంది, నేను కూర్చుంటాను" అనేవాడు. కూర్చున్నది మాత్రం లేదు. పోయే వారం ముందు కూడా ఏదో బండి కిందే ఉన్నాడు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఆ షెడ్డులో ఇప్పటికీ నడుస్తోంది. నట్టు బిగించినా, క్లిప్పు బిగించినా, బిగించినవాళ్ళు దాని మీద తమ రంగు చుక్క పెట్టాలి. ఆయనది తెల్ల పెయింటు. తమ్ముడిది ఆకుపచ్చ. అక్కది ఎర్రటి గోళ్ళరంగు. రెండు నెలలకో సీసా కొంటుంది. ఫ్యాన్సీ కొట్టామె ప్రతిసారీ సీసా ఇచ్చి ఆమె గోళ్ళ వైపు చూస్తుంది. గ్రీజు తప్ప ఏమీ కనబడక మళ్ళీ ఆమె మొహంలోకి చూస్తుంది. అక్క ఇంతవరకూ సంగతి చెప్పలేదు.

చుక్క ఉందంటే, ఇది నేను బిగించాను, పూచీ నాది అని. దాంతోపాటు ఎవరూ పైకి అనని సంగతి ఇంకొకటి ఉంది. చుక్క ఉన్నదాన్ని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. దానివల్ల ఎంతో పొద్దు కలిసొస్తుంది. ముప్పై ఏళ్ళలో ఆ పద్ధతి వాళ్ళని ఒక్కసారీ మోసం చెయ్యలేదు.

ఆ బుధవారం పొద్దున ఎనిమిది గంటలకి, మలుపులో బండి కనబడకముందే దాని మూలుగు వినబడింది. తర్వాత ముక్కు కనబడింది. ఆ తర్వాత నెత్తిమీద డ్రైవింగు స్కూలు బోర్డు. ఇరవై రెండేళ్ళ కారు. లోపల మాస్టారు రెండు చేతులతోనూ చక్రం పట్టుకుని, భుజం కూడా ఒడ్డి గేటులోకి తిప్పుతున్నాడు.

"ఏంటి మాస్టారూ, కారు నడుపుతున్నారా, తిరగలి తిప్పుతున్నారా?"

"నవ్వు, నవ్వు. నీకు డ్రైవింగు నేర్పిన పాపం ఊరికే పోతుందా?" అంటూ దిగి భుజం రుద్దుకున్నాడు.

నేర్పిన మాట నిజమే. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఆమె బండ్లు బాగుచెయ్యడమే తప్ప రోడ్డు మీద నడపలేదు. సందు చివరి దాకా నడిపి చూడ్డానికి కూడా తమ్ముణ్ణే బతిమాలుకునేది. మాస్టారే ఒకరోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఇదే కంపెనీ కారులో కూర్చోబెట్టాడు. నెల రోజులు ఆయన అరుపులు ఊరంతా విన్నది. లైసెన్సు వచ్చింది.

ఇప్పుడు ఆయనకి అరవై ఆరు. బాధ వివరంగా చెప్పాడు. నెల రోజులుగా పొద్దున్నే స్టీరింగు రాయిలా ఉంటోంది. మూలుగు. మధ్యాహ్నానికి కాస్త నయం. హైవే మీది పెద్ద గ్యారేజీలో బెల్టు మార్చారు. ఆయిలు పోశారు. తగ్గకపోయేసరికి, చక్రాలని పక్కలకి తోసే ర్యాకే పోయిందన్నారు. ఈ మోడలుకి అది ఇప్పుడు రావడం లేదు కాబట్టి తుక్కుకి ఇచ్చెయ్యమన్నారు.

"రేపు పది గంటలకి తనిఖీ ఉంది," అన్నాడు. "ఈ వయసు బండికి రెండో అవకాశం ఇవ్వరు. రేపు తప్పితే స్కూలు బండిగా దాని పేరు కొట్టేస్తారు. కొత్తది కొని, దానికి రెండో బ్రేకు పెట్టించి, మళ్ళీ అనుమతుల కోసం తిరిగే ఓపిక నాకు లేదమ్మాయ్. తప్పితే బోర్డు దింపేస్తాను."

వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ స్కూలు అది. పక్క సీటులో, కాలి కింద రెండో బ్రేకుతో, పొద్దున ఆరింటి నుంచి అరుస్తూ ఉండకపోతే ఈ మనిషి ఏం చేస్తాడో ఊహించడానికి అక్క ప్రయత్నించింది. ఏమీ తట్టలేదు.

"సాయంత్రానికి ఒక్క వేలితో తిప్పుతారు," అంది.

పక్క బండి కింద నుంచి తమ్ముడి గొంతు వచ్చింది. "ఏ వేలో కూడా చెప్పెయ్యక్కా, మాస్టారు గోరు కత్తిరించుకొస్తారు."

"నువ్వు నీ బ్రేకులు చూసుకోరా."

ఆమె ముందు ఇంజను ఆపింది. జాకీలు పెట్టి ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా లేపింది. అప్పుడు స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా తిప్పింది. ఎక్కడైనా పట్టేస్తోందా, గరగరలాడుతోందా అని చేత్తో విన్నది. ఆమె చెవికన్నా చేతినే ఎక్కువ నమ్ముతుంది. చక్రాలు వెన్నలా తిరిగాయి.

"ర్యాకుకి ఏ రోగమూ లేదు," అంది. "పోయిందన్న మహానుభావుడు ఎవరో గానీ బండిని నేల మీద నుంచి లేపను కూడా లేదు."

మాస్టారి మొహం కొద్దిగా విప్పారింది. "మరి?"

"మరి పవర్ ఇచ్చే పంపు సంగతి చూడాలి."

బెల్టుని బొటనవేలితో నొక్కింది. కొత్తది, బిగువుగానే ఉంది. ఆయిలు డబ్బా మూత తీసింది. తేటగా ఎర్రగా ఉండాల్సిన ఆయిలు గులాబీ రంగు నురగలా ఉంది. పంపు పైపుకి ఒత్తిడి కొలిచే గేజి తగిలించి ఇంజను వేసింది. ముల్లు ఒక చోట నిలవకుండా కొట్టుకుంటోంది. పంపు అరిగిపోయి ఉంటే ముల్లు కిందే కదలకుండా కూర్చునేది. ఇలా వణుకుతోందంటే సంగతి వేరు.

"మాస్టారూ, స్ట్రాతో తాగుతుంటే స్ట్రాకి చిల్లు పడిందనుకోండి. ఏమవుతుంది?"

"గుడగుడమంటుంది. నోట్లోకి ఏమీ రాదు."

"మీ పంపు నెల రోజులుగా అదే చేస్తోంది. ఆయిలుతో పాటు గాలి తాగుతోంది. ఆ మూలుగు దానిదే."

బయటికి కారే ఆయిలైతే నేల మీద మరక పెట్టి తన జాడ తనే చెబుతుంది. లోపలికి పోయే గాలి ఏ జాడా పెట్టదు. అయినా వెతకాల్సిన చోటు చిన్నదే. డబ్బా నుంచి పంపు దాకా మూరెడు రబ్బరు పైపు, దాని రెండు చివరలు, డబ్బాలో చిన్న జల్లెడ, అంతే. పంపు వైపు చివర విప్పింది. లోపలి రబ్బరు రింగు అప్పడంలా అణిగిపోయి ఉంది. "ఇదిగో దొంగ," అని మాస్టారి చేతిలో పెట్టింది. కొత్త రింగు వేసింది. జల్లెడలో పేరుకున్న నల్లటి మడ్డి కడిగేసింది. పైపు రెండో చివర, డబ్బా దగ్గర, క్లిప్పు మీద ఎర్రచుక్క ఉంది. రెండేళ్ళ కింద తను మార్చిన పైపే అది. ఆమె చెయ్యి దాని మీదుగా దాటిపోయింది.

కొత్త ఆయిలు పోసి, గాలి పోయేదాకా తిప్పి, ఇంజను వేసేసరికి పన్నెండు దాటింది. ఎండ నెత్తిమీద ఉంది. మూలుగు లేదు. మాస్టారు కూర్చుని చూపుడు వేలుతో చక్రం తిప్పాడు. ఆ కొస దాకా తిప్పి, మళ్ళీ ఈ కొస దాకా తెచ్చాడు.

"చెప్పిన వేలేనా?" అన్నాడు తమ్ముడు.

"భోంచేసి ఓ కునుకు తీసి రండి మాస్టారూ," అంది అక్క. "ఇంకోసారి చూసి అయిదింటికి ఇచ్చేస్తాను."

మధ్యాహ్నం బేకరీ పని ముగించుకుని ఆమె భర్త క్యారేజీ పట్టుకొచ్చాడు. రోజూ వస్తాడు. పిండి అంటిన చొక్కా ఆయనది, ఆయిలు అంటిన చొక్కా ఈమెది. పాత టైరు మీద ఎదురెదురుగా కూర్చుని తింటారు. ర్యాకు పోయిందన్న గ్యారేజీవాళ్ళ సంగతి ఆమె నటించి మరీ చెప్పింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి వాళ్ళకి కూడా నువ్వే క్లాసు పెట్టు," అన్నాడు. ఆమెకి ఆ ఆలోచన నచ్చింది కూడా.

అయిదింటికి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బండి నాలుగు గంటలుగా నీడలో నిలబడి చల్లారి ఉంది. తాళం తిప్పాడు. మూలుగు మొదలైంది. చక్రం మీద చెయ్యి వేశాడు. కదల్లేదు. రెండో చెయ్యీ వేశాడు. భుజం ఒడ్డాడు. అప్పుడు కదిలింది.

మాస్టారు ఇంజను ఆపి నెమ్మదిగా దిగాడు.

"పోనీలే అమ్మాయ్. నువ్వు చెయ్యగలిగింది చేశావు."

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. నేర్చుకునే రోజుల్లో వరసగా పెట్టిన డబ్బాలన్నీ గుద్దేసినప్పుడు ఈయన గొంతు చించుకుని అరిచాడు. ఎదురుగా వచ్చే బస్సుకి దారి ఇవ్వనప్పుడు తలపాగా ఉంటే విసిరికొట్టేవాడే. పోనీలే అని మాత్రం ఏనాడూ అనలేదు.

"నా మీద అరవండి మాస్టారూ. పోనీలే అనకండి."

"అరిస్తే తిరుగుతుందా?" అని ఆయన స్టూలు మీద కూర్చుని ఫోను తీశాడు. ఎవరితోనో, రేపు మధ్యాహ్నం క్లాసు సంగతి పొద్దున చెబుతానమ్మా, ఇప్పుడే ఏమీ అనుకోకు అంటున్నాడు. అక్క ఆ మాటలు వినబడనంత దూరానికి, అంటే బానెట్ కిందికి, తల దూర్చింది.

వేడిగా ఉంటే బాగుంది. చల్లారితే బాగాలేదు. చల్లారితే ఆయిలు చిక్కబడుతుంది, లాగడానికి పంపుకి కష్టమవుతుంది. చల్లారితే రబ్బరు బిర్రబిగుస్తుంది. లాగుడు పెరిగి, రబ్బరు బిగిసినప్పుడే గాలి దూరుతోంది. అంటే ఇనుములో ఏమీ లేదు. రబ్బరులో ఉంది.

"ఒరేయ్, టార్చి పట్టుకురా. ఇంజను వెయ్యి. వేడెక్కకముందే తేల్చాలి."

గ్రీజు డబ్బా తెచ్చింది. మూలుగుతున్న పంపు దగ్గర మొదలుపెట్టి ఒక్కో అతుకు మీదా గ్రీజు ముద్ద అద్దుతూ పోయింది. గాలి దూరే సందు గ్రీజుతో మూసుకుంటే మూలుగు ఆగాలి. పంపు మెడ. ఆగలేదు. పైపు వంపు. ఆగలేదు. డబ్బా అతుకు గీత. ఆగలేదు.

"ఇంక మిగిలింది..." అని తమ్ముడు ఆగిపోయాడు. టార్చి వెలుగు ఎర్రచుక్క మీద నిలబడి ఉంది.

"అది నాది," అంది అక్క.

"నీదే. అందుకే పొద్దుట్నుంచీ నేనేమీ అనలేదు."

"అనాల్సింది."

"అని? నీ చుక్క మీద చెయ్యేస్తే నా చెయ్యి ఉంచేదానివా?"

ఆమె టార్చి వెలుగులోకి వంగింది. వేలి నిండా గ్రీజు తీసి క్లిప్పు చుట్టూ అద్దింది. ఎవరో నోరు మూసినట్టు మూలుగు ఠక్కున ఆగిపోయింది.

ఇంజను ఆపి క్లిప్పు విప్పింది. చూడకముందే ఆమెకి అంతా గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద సరైన పైపు దొరకలేదు. కావలసినదానికన్నా ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వెడల్పైన పైపు దొరికింది. ఏముందిలే, గట్టిగా బిగిస్తే సరి అనుకుంది. బిగించింది. చుక్క పెట్టింది. ఇంజను వేడికి రబ్బరు గట్టిపడింది. క్లిప్పు దాని ఒంట్లోకి దిగిపోయింది. దాని కింద గోటి అంచంత సన్నగా, అర్ధచంద్రంలా పగులు. వేడిలో ఉబ్బి మూసుకునేది. చలికి నోరు తెరిచేది. పొద్దున మార్చిన రింగు అణిగిపోయి ఉన్నమాట నిజమే గానీ, అసలు దొంగ అది కాదు.

అప్పటికే మాస్టారు ఫోను పక్కన పెట్టి ఇటే చూస్తున్నాడు. అక్క పైపు పట్టుకుని ఆయన దగ్గరికి నడిచింది. ఆ పది అడుగుల్లో ఒక ఆలోచన వచ్చింది. పాతబడి పగిలిందంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. తల విదిల్చింది.

"చూడండి. ర్యాకూ కాదు, పంపూ కాదు, మీ బండి వయసూ కాదు. తగని పైపు పెట్టి బిగించింది నేను. పొద్దున చూడకుండా వదిలేసిందీ నేనే."

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని పగులుని గోటితో తెరిచి చూశాడు, మూసి చూశాడు.

"అంటే నెల రోజుల నా భుజం నొప్పి నువ్వా?"

"నేనే."

"రివర్సులో అద్దం చూడవు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. వెనకాల ఉన్నది నీదే కదా అని ధీమా!" అని అరిచాడు. షెడ్డు రేకులు అదిరాయి. అక్కకి ప్రాణం లేచొచ్చింది.

పైపుల కొట్టు మూసేలోగా స్కూటరు మీద వెళ్ళింది. కొట్టాయన పాత ముక్క చూసి చేతికందిన పైపొకటి తీశాడు. ఆమె కొలత పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఒక్క నూలు తేడా అక్కా. కాస్త బిగిస్తే అదే కూర్చుంటుంది."

"ఆ మాట రెండేళ్ళ కింద నాకు నేనే చెప్పుకున్నాను. నిచ్చెనెక్కు."

గొణుక్కుంటూ ఎక్కాడు. పై అరలో, వెనకాల, దుమ్ము కొట్టుకుపోయిన చుట్టలో సరైన కొలతది దొరికింది. ఆయిలుకి ఓర్చే రకమేనని దాని మీది అక్షరాలు వెలుగులో పెట్టి మరీ చదువుకుంది.

వీధి దీపాలు వెలిగే వేళకి కొత్త పైపు కూర్చుంది. ఈసారి క్లిప్పుని చెయ్యి చాలు అన్నచోట ఆపింది. జాకీల మీద చక్రాలు గాల్లో ఉండగా, ఇంజను వెయ్యకుండా, తమ్ముడు స్టీరింగుని ఆ కొసకీ ఈ కొసకీ తిప్పుతూ లెక్కపెట్టాడు. ఆమె డబ్బాలోకి చూస్తూ బుడగలు లేచినప్పుడల్లా ఆయిలు పోసింది. పదకొండుకి పెద్ద బుడగలు ఆగాయి. పదిహేడుకి చిన్నవి. ఇరవై దాకా తిప్పించింది. అప్పుడు ఇంజను వేయించింది. ఆయిలు తేటగా, కదలకుండా ఉంది.

క్లిప్పు మీద ఎర్రచుక్క పెట్టింది. సీసా మూత బిగిస్తుంటే తమ్ముడు వచ్చి పైపు పట్టుకుని గట్టిగా గుంజాడు. టార్చి వేసి చుట్టూ చూశాడు. తన ఆకుపచ్చ డబ్బా తెచ్చి ఎర్రదాని పక్కన ఇంకో చుక్క పెట్టాడు. ఆమె అడ్డుపడలేదు.

"రేపట్నుంచి నావి నువ్వు చూడాలి మరి," అన్నాడు. "బ్రేకులు నీకేం తెలుసని కాదు, ఊరికే."

"ఊరికేనేం? నీ బ్రేకులంటే నాన్నకే భయం," అంది.

బండిని కావాలనే రాత్రంతా ఆరుబయట వదిలేసింది. తెల్లవారుజామున మంచు పడింది. ఏడింటికి మాస్టారు వచ్చేసరికి బానెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది. ఆయన అద్దం తుడుచుకుని కూర్చున్నాడు. అక్క పక్కన నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుంది.

ఇంజను మోగింది. దానికి తోడు ఇంకే చప్పుడూ లేదు. మాస్టారు అరచెయ్యి చక్రానికి ఆనించి తిప్పాడు. నిలబడిన చోటే ముందు టైర్లు రెండూ గచ్చు మీద సరసరమంటూ పక్కకి తిరిగాయి. మళ్ళీ ఇటు తిప్పాడు. దిగి వచ్చి, బానెట్ ఎత్తించి, ఆ రెండు చుక్కల్నీ ఒకసారి చూసుకుని, మళ్ళీ ఎక్కాడు.

తనిఖీకి అక్క కూడా వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు మాటల మనిషి కాదు. లైట్లు చూశాడు, రెండు బ్రేకులూ తొక్కాడు. స్టీరింగు పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పుతూ ఒక్క క్షణం ఆగాడు.

"ఎన్నేళ్ళ బండన్నారు?"

"ఇరవై రెండు," అన్నాడు మాస్టారు.

"నా కారు నాలుగేళ్ళది, ఇంత తేలిగ్గా లేదు," అని గొణిగి కాగితం మీద ముద్ర కొట్టాడు. ఇంకో ఏడాదికి.

మధ్యాహ్నం క్లాసు షెడ్డు ముందు నుంచే మొదలైంది. నిన్న ఫోనులో మాట్లాడిన ఆవిడే వచ్చింది. సందు చివర టైలరమ్మ. నెల రోజులుగా నేర్చుకుంటోంది. మాస్టారు పక్క సీటులో కూర్చుని రెండో బ్రేకు మీద కాలు సర్దుకున్నాడు. ఆమె ఇంజను వేసి, ముందుకు కదిలి, మలుపు దగ్గర అలవాటు ప్రకారం రెండు చేతులతోనూ బలమంతా పెట్టి తిప్పింది. కారు గిరుక్కున తిరిగి పండ్ల కొట్టు మీదికి పోబోయి, రెండో బ్రేకుతో కీచుమని ఆగింది.

"కొంచెం! కొంచెం అన్నాను! పిండి రుబ్బుతున్నావా?"

"మీరే కదా మాస్టారూ, గట్టిగా తిప్పాలి, నీకు బలం చాలదు అన్నారు నెలంతా!"

"నెలంతా వేరు, ఇవాళ వేరు. నువ్వు నేర్చుకున్నదంతా మర్చిపో. మొదట్నుంచీ మొదలుపెడదాం."

"నెల రోజులదీనా?"

"నెల రోజులదీ! వెనక్కి తియ్యి. ముందు అద్దం చూడు!"

పండ్ల కొట్టామె బుట్టలు లోపలికి లాక్కుంది. కారు వంకర్లు తిరుగుతూ వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు కదిలి, ఈసారి మలుపు తిరిగింది. బండి కనబడకుండా పోయాక కూడా మాస్టారి అరుపులు చాలాసేపు వినబడుతూనే ఉన్నాయి. అక్క చేతులు తుడుచుకుని తమ్ముడు బ్రేకు బిగించిన బండి దగ్గరికి వెళ్ళింది. టార్చి తీసుకుని, కిందికి దూరి, ఆకుపచ్చ చుక్కల్ని ఒక్కొక్కటే లాగి చూడ్డం మొదలుపెట్టింది.